మేనమామ ఒడి

మా వాళ్లలో బిడ్డకు తొలిసారి గుండు కొట్టించేటప్పుడూ, చెవులు కుట్టించేటప్పుడూ బిడ్డ తల్లి ఒడిలో ఉండదు, తండ్రి ఒడిలోనూ ఉండదు. మేనమామ ఒడిలో ఉంటుంది. కత్తి పట్టుకున్న మంగలి, సూది పట్టుకున్న కంసాలి ఆచారి, ఇద్దరూ మేనమామ వచ్చి కూర్చున్నాకే పని మొదలుపెడతారు. ఆ పని జరగాల్సిన చోటు కులదేవత గుడి. మా కులదేవత గుడి మదురైకి దక్షిణాన, తిరుమంగళం దాటాక, నల్లరేగడి పొలాల మధ్య ఉంది. మా పూర్వులు ఏ కాలంలోనో ఉత్తరాన ఉన్న తెలుగు నేల నుంచి బండ్లు కట్టుకుని వచ్చి మొదట దిగిన చోటు అదేనని మా ఇళ్లలో చెప్పుకుంటారు. మా అక్కకు నేను ఒక్కడినే తమ్ముణ్ణి. అక్కకు ఒక్కతే కూతురు. మా నాయన నేను బడికి పోయే రోజుల్లోనే చనిపోయాడు. కాబట్టి ఆ ఒడి విషయంలో ఎవరికీ సందేహం లేదు. అది నాది.

అక్క ఫోన్ చేసినప్పుడు నేను కోయంబత్తూరులో, పంపులు తయారుచేసే ఒక కంపెనీలో, పరీక్ష తొట్టి పక్కన నిలబడి ఉన్నాను. తయారైన పంపు ఎంత ఎత్తుకు ఎంత నీరు తోస్తుందో, ఎంత కరెంటు తింటుందో చూసి, సరిపోతే పంపించడం, లేకపోతే ఆపడం నా ఉద్యోగం.

"మాసి నెల్లో పెట్టుకున్నాం రా. పాపకి మొట్ట కొట్టి చెవులు కుట్టేది. ఇప్పుడే లీవు చెప్పిపెట్టు."

"అక్కా..."

"ఆ అక్కా ఎట్లాంటి అక్కానో నాకు తెలుసు. వస్తావా రావా, చెప్పు."

"వస్తాను. కూర్చునేది మాత్రం యోచించి చెప్తాను."

"కూసునేదానికి యోచనా? దానికేమన్నా ఇంటర్వ్యూ ఉండాదా?"

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. పంపు చప్పుడు ఎక్కువగా ఉందని చెప్పి ఫోన్ పెట్టేశాను. చప్పుడు నిజంగానే ఎక్కువగా ఉంది.

ఎందుకు యోచించాలో చెప్పాలి. నేను క్రీస్తును నమ్ముకున్నవాణ్ణి. బాప్తిస్మం పొందాను. నా దృష్టిలో ఆ గుడి ముందు బిడ్డను ఒడిలో పెట్టుకుని కూర్చోవడం అంటే బిడ్డను ఆ దేవతకు అప్పగించే పనిలో నా చెయ్యి వేయడం. జుట్టు ఆమెకు ఇస్తారు, చెవుల నెత్తురు ఆమె ఎదుట పడుతుంది, వండిన అన్నం ఆమెకు చూపించాక పంచుతారు. ఆ అన్నం నేను తినడం మానేశాను. అక్కకు ఇదంతా తెలుసు. తెలిసే అడిగింది.

నాకు చిన్నప్పటి నుంచీ సరిచూసుకునే అలవాటు. గ్యాస్ కట్టానా, తలుపు వేశానా, ఎవరితోనైనా ఒక మాట ఎక్కువ అన్నానా. ఇంజనీరింగ్ చదివాక ఆ అలవాటుకు ఒక పద్ధతి దొరికింది. ఏమి జరిగింది, ఎందుకు జరిగింది, మళ్లీ జరగకుండా ఏమి చేయాలి. యంత్రాలకు ఈ ప్రశ్నలు చాలు. నన్ను నేను ప్రశ్నించుకున్నప్పుడు చివరి ప్రశ్న దగ్గర ఆగిపోయేవాణ్ణి. కోపం, అసూయ, చూడకూడనిది చూడటం, నాకంటే తక్కువ చదివినవాణ్ణి లోలోపల చులకన చేయడం. వీటికి కారణాలు వెతికాను, నివారణలు ఆలోచించాను. నివారణ చేసిన వారంలోనే అదే తప్పు కొత్త చొక్కా వేసుకుని వచ్చేది.

హాస్టల్లో నా గదిలో ఉన్న అబ్బాయి నాగర్‌కోయిల్ వైపువాడు. ఒక ఆదివారం నన్ను వాళ్ల చర్చి సభకు పిలిచాడు. ఆ రోజు అక్కడ బిర్యానీ పెడతారని చెప్పాడు కాబట్టి వెళ్లాను. బిర్యానీ కంటే ముందు ఒక గంట ప్రసంగం ఉంటుందని చెప్పలేదు. ఆ ప్రసంగంలో విన్నదేమిటంటే, దేవుడు మనిషిని బాగుపడ్డాక చేర్చుకోడు, ముందే చేర్చుకుంటాడు, బాగుపడటం ఆ తర్వాత సంగతి. నాకు అది సాంకేతికంగా అసాధ్యం అనిపించింది. పరీక్ష చేయకుండా ఎవడు సంతకం పెడతాడు? గదికి వచ్చాక కూడా ఆ మాటతో వాదిస్తూనే ఉన్నాను. చాలా నెలలు వాదించాను. ఒక రోజు, వాదన ఓడిపోయినందువల్ల కాదు, అలసిపోయి ఆపేశాను. అప్పుడు వచ్చిన నెమ్మది నేను తయారుచేసుకున్నది కాదని మాత్రం ఖచ్చితంగా చెప్పగలను. నేను తయారుచేసుకున్నవి ఎలా ఉంటాయో నాకు బాగా తెలుసు.

ఆ తర్వాత జీవితం తేలికవుతుందనుకున్నాను. నెమ్మదైతే వచ్చింది, దానితోపాటు ఒంటరితనం కూడా వచ్చింది. సభలో అందరూ తమిళంలో పాడతారు, తమిళంలో ప్రార్థిస్తారు. నాకు తమిళం బడిలో నేర్పిన భాష, ఇబ్బందేమీ లేదు. కానీ వాళ్లందరికీ తాతల కాలం నుంచి ఒకరికొకరు తెలుసు. పండుగ రోజు ఎవరి ఇంటికి ఎవరు పోతారో ముందే తేలి ఉంటుంది. నన్ను కొత్తవాళ్లకు పరిచయం చేసేటప్పుడు "హిందూ కుటుంబం నుంచి వచ్చిన తమ్ముడు" అంటారు. ప్రేమతోనే అంటారు. ఊళ్లో నన్ను "కిరస్తానంలోకి పోయినోడు" అంటారు. అక్కడ అంత ప్రేమ ఉండదు. ఒకచోట నేను ఎక్కడి నుంచి వచ్చానో చెబుతారు, ఇంకోచోట ఎక్కడికి పోయానో చెబుతారు. పాతవి పోయి కొత్తవాణ్ణయ్యానని నాకు బోధించారు, నేను నమ్మాను. ఆ కొత్తవాడికి ఆదివారం మధ్యాహ్నం ఎక్కడికి పోవాలో తెలియదు. మెస్సులో తిని గదికి వచ్చి బట్టలు ఉతుక్కుంటాడు.

తెలుగు అక్షరాలు నేను ఆ ఆదివారాల్లోనే నేర్చుకున్నాను. మా ఇంట్లో తెలుగు మాట్లాడతాం, చదవం. అమ్మకు ఏ లిపీ రాదు. కృప, రక్షణ, విశ్వాసం, ఈ మాటలన్నీ నాకు తమిళంలోనే వచ్చాయి. వాటిని అమ్మకు ఇంటి మాటల్లో చెప్పాలని తెలుగు బైబిలుతో మొదలుపెట్టాను. చెప్పాను కూడా. ఊరికి పోయిన ప్రతిసారీ వంటింటి గడప మీద కూర్చుని, దేవుడు ఇక్కడ, మనిషి ఇక్కడ, మధ్యలో పాపం అనే గుంత అని నేల మీద వేలితో గీసి చూపించేవాణ్ణి. అమ్మ ఉల్లిపాయలు ఒలుస్తూ వినేది. "సరి దా, జరుగు, ఊడవాల" అని ఆ గీతల మీదుగా చీపురు లాగేది. చివరికి ఆ భాష నాకు ప్రార్థనకు పనికొచ్చింది. నేనుండే వీధిలో తెలుగు ఇళ్లు చాలానే ఉన్నాయి. అద్దెకుండేవాడితో వాళ్లు తమిళంలోనే మాట్లాడతారు. ఇంటి ఫోన్లు పక్కన పెడితే, కోయంబత్తూరులో నేను తెలుగులో మాట్లాడింది దేవుడొక్కడితోనే.

అక్క ఫోన్ చేసిన వారం పాస్టర్‌గారి దగ్గరికి వెళ్లాను. ఆయన మోపెడ్ తుడుచుకుంటున్నారు. విషయం వరుసగా చెప్పాను. గుడి లోపలికి పోను, పూజలో నిలబడను, నామం పెట్టుకోను, ఒట్టి ఒడి మాత్రమే ఇస్తాను, ఇది కుదురుతుందా అని అడిగాను. మా పనిలో ఒక పద్ధతి ఉంది. ఒక భాగం కొలత కొంచెం తప్పినా పంపు నడుస్తుందనుకుంటే, కొనేవాడు ఒప్పుకుని సంతకం పెడితే, ఆ భాగాన్ని ఉన్నదున్నట్టు వాడుకోవచ్చు. దాన్ని కన్సెషన్ అంటాం. ఆ ఉదాహరణ కూడా చెప్పాను.

ఆయన తమిళంలో అన్నారు, "అట్లా సంతకం పెట్టిన భాగానికి ఏమి చేస్తారు?"

"ఒక ట్యాగ్ కడతాం అయ్యా. ఇది ఒప్పుదలతో పోయింది అని. చివరిదాకా రికార్డులో ఉంటుంది."

"అదీ సంగతి. నువ్వు కృప అంటే అదేననుకుంటున్నావు తమ్ముడూ. మెడలో ట్యాగ్‌తో తిరుగుతున్నావు. నా దగ్గరికి ఇంకో సంతకం కోసం వచ్చావు."

"అయితే కూర్చోమంటారా, వద్దంటారా?"

"నేను చెప్పను. చెబితే నాకు భయపడి చేస్తావు." మోపెడ్ అద్దంలో చూసుకుంటూ గుడ్డ మడిచారు. "మా అక్క కూతురు పెళ్లికి నేను పోలేదు. అప్పుడు అదే సరి అనుకున్నా. మా అక్క ఇప్పుడు లేదు. అది సరో తప్పో నాకు ఈ రోజుకీ తెలీదు. దేవుడు నన్ను వదిలిపెట్టలేదు, అంతవరకు తెలుసు. నువ్వు కూర్చుంటే ఆయన ఎదుట కూర్చో, కూర్చోకపోతే ఆయన ఎదుట నిలబడు. టీ తాగుతావా?"

తాగాను. ఆయన చెప్పినదాంట్లో నాకు ఉపయోగపడే నియమం ఏదీ లేదని ఆ రోజు నాకు కోపం వచ్చింది.

అక్కకు నేను వేరే దారులు చెప్పాను. మదురైలో డాక్టర్ దగ్గర కుట్టిద్దాం, నా ఒడిలోనే. లేదా ఇంట్లోనే ఆచారిని పిలిపిద్దాం. లేదా గుడి హద్దు రాళ్లకు బయట, పొలంలో కూర్చుంటాను. ఒక్కొక్కదానికి ఏమి అనుకూలమో ఏమి అననుకూలమో కూడా చెప్పాను.

"డాక్టరు దగ్గర కుట్టేది కమ్మలు అమ్మే అంగట్లో కూడా కుడతారు రా. ఇది మురై, మన వాళ్ల ఆనవాయితీ. నువ్వు తాయ్‌మామవి, మేనమామవి అని ఊరు చూడాల. పొలంలో కూసుంటే కాకులు చూస్తాయి."

వెనక నుంచి బావ గొంతు వినిపించింది. "నీ తమ్ముణ్ణి, మా మచ్చాన్‌ని అడుగు, వాళ్ల దేవుడు ఒడి మీద కూడా హాల్‌మార్క్ వేసి ఇచ్చినాడేమో."

"మీరు ఉండండి" అని అక్క ఆయన్ని కసిరి, నాతో మాత్రం గొంతు తగ్గించింది. "నేను పెళ్లయి పోయేటప్పుడు నా చెయ్యి పట్టుకుని ఏడిస్తివి, గుర్తుండాదా? నాకు అన్నొకడు, ఇంకో తమ్ముడొకడు ఉండుంటే నిన్ను ఇంత అడగను. ఉండేది నువ్వొక్కడివి."

 యోచించి చెప్తానన్న మాట ఇంకా బాకీ ఉందని ఇద్దరికీ తెలుసు. చివరికి నేను, "నా వల్ల కాదక్కా" అన్నాను.

"సరి" అంది. కొంచెం ఆగి, "ఒడి వేరే చూసుకుంటాం. నువ్వు మాత్రం రా. రాకుంటే అమ్మ తట్టుకోదు" అంది. ఆమె గొంతులో కోపం ఉండుంటే నాకు కొంచెం సులువయ్యేది.

మాసి నెలలో, ఫిబ్రవరి చివర, బస్సు ఎక్కాను. పళని దగ్గర బస్టాండులో గుండ్లకు గంధం పూసుకున్న కుటుంబాలు గుంపులుగా ఉన్నాయి. ఒక ముసలాయన నా పక్క సీట్లో కూర్చుని మనవరాలి గుండు మీద తుండుగుడ్డ కప్పుతూ, తీస్తూ, మళ్లీ కప్పుతూ దిండిగల్ దాకా వచ్చాడు. మీది ఏ ఊరు, ఎక్కడికి పోతున్నారు అని అడిగాడు. అక్క కూతురికి చెవులు కుట్టించడానికి అని చెప్పాను. "ఓహో, తాయ్‌మామనా" అని నన్ను కాస్త గౌరవంగా చూసి, కిటికీ వైపు జరిగి నాకు చోటిచ్చాడు. అవునని అనలేదు, కాదనీ అనలేదు. ఆ చోటులో సర్దుకుని కూర్చున్నాను.

ఊరు చేరేసరికి సాయంత్రమైంది. ఇంటి ముందు చిన్నాయన కొడుకు బైకు ఉంది. విరుదునగర్‌లో లేత్ వర్క్‌షాపు పెట్టుకున్నాడు, నాకంటే పెద్దవాడు. అక్కకు వరసకు తమ్ముడే. ఒడి ఇతనిదే అని నాకు ఎవరూ చెప్పనక్కర లేకపోయింది. కొత్త పంచె మడత విప్పి చూసుకుంటున్నాడు.

"రా రా ఇంజినీరూ. నీ సీటులో తువ్వాలు వేసి పెట్టుండా. ఎప్పుడు కావాల్నా వచ్చి కూసో, నేను లేస్తా."

"కూర్చో అన్నా. నువ్వే కూర్చో."

"నాకేమి, కూసుంటా. పాప నా చొక్కా తడిపితే మాత్రం నువ్వు ఉతకాల." నవ్వాడు. మంచివాడు. అతని మీద కోపం తెచ్చుకోవడానికి ప్రయత్నించాను, కుదరలేదు.

అమ్మ నాకు కాఫీ ఇచ్చి పక్కన నిలబడింది. "రేపు ఏమి తింటావు?" అని మాత్రం అడిగింది. తిరుమంగళంలో ఏదైనా కొనుక్కుంటానని చెప్పాను. తల ఊపింది. ఒడి గురించి ఒక్క మాట అడగలేదు. నేను రెండుసార్లు ఆ మాట ఎత్తబోయాను. రెండుసార్లూ ఆమె ఏదో పని గుర్తొచ్చినట్టు లేచిపోయింది.

మర్నాడు వ్యాన్‌లో వెళ్లాం. పత్తి ఏరేశారు, చేలు ఖాళీగా ఉన్నాయి. ఎండకు రేగడి నేల నెర్రెలిచ్చి ఉంది. గుడి అంటే గోపురం ఏమీ లేదు. సున్నం కొట్టిన గోడ, రేకుల చూరు, చుట్టూ హద్దు రాళ్లు. వ్యాన్‌ను రాళ్లకు ఇవతల సీమతుమ్మ చెట్ల కింద ఆపారు. అందరూ దిగారు. గిన్నెలు, బియ్యం, కట్టెలు, పూలు, అరటి ఆకులు దించడంలో నేనూ చెయ్యి వేశాను. హద్దు రాళ్ల దాకా మోసి అక్కడ దింపాను. అక్కడి నుంచి వాళ్లు అందుకున్నారు. కాసేపటికి అది ఒక పద్ధతిలా నడిచింది. నేను రాయి దాకా, వాళ్లు రాయి నుంచి. ఎవరూ ఏమీ అనలేదు. ఎవరైనా ఏదైనా అంటే బాగుండును.

తర్వాత వ్యాన్ మెట్టు మీద కూర్చున్నాను. ఆడవాళ్లు మూడు రాళ్లు పేర్చి కొత్త కుండలో పొంగలి పెట్టారు. నేను ప్రార్థన చేయడానికి కళ్లు మూసుకున్నాను. నా కోసం, అక్క కోసం, బిడ్డ కోసం చేయాలనుకున్నాను. ఒక్క మాట సాగే లోపల నాలో ఒకటి గమనించాను. నేను కొంచెం సంతోషంగా ఉన్నాను. పరీక్షలో నెగ్గినవాడి సంతోషం. వాళ్లందరూ రాళ్లకు అటు, నేను ఇటు, నేను సరిగ్గా ఉన్నాను. ఇంతకాలం నేను ఒక్కొక్కటిగా తీసిపారేస్తున్నానని అనుకున్న తప్పుల్లో ఇది అన్నిటికంటే పాతది. నా విశ్వాసంలో దానికి తిండి దొరికి బాగా పెరిగింది. కళ్లు తెరిచాను. ప్రార్థన అక్కడే ఆగిపోయింది.

బిడ్డను తెచ్చి చిన్నాయన కొడుకు ఒడిలో పెట్టారు. రెండేళ్ల పిల్ల. అతన్ని ఎప్పుడో పండక్కి చూసి ఉంటుంది. మంగలి తడి చెయ్యి తల మీద పెట్టగానే ఏడుపు మొదలైంది. గుండు పూర్తయ్యేవరకు ఏడ్చింది. గంధం పూశారు. ఆచారి ముందుకు జరిగాడు. అప్పుడు ఆ పిల్ల ఒళ్లంతా వెనక్కి విరుచుకుని, అతని ఒడిలోంచి జారిపోయి, మళ్లీ పట్టుకుంటే కాళ్లు తన్నుకుంటూ అరిచింది. "పట్టుకో, గట్టిగా పట్టుకో" అంటున్నారు. అతను పట్టుకోలేకపోతున్నాడు. పాప బరువు అతనికి అలవాటు లేదు. నేను లేచి నిలబడ్డాను. హద్దు రాళ్ల దాకా ఎప్పుడు నడిచానో నాకు తెలియదు. కాలు ఎత్తితే లోపల.

అక్క తల ఎత్తి నన్ను చూసింది. చెయ్యి కొద్దిగా పైకెత్తి, అరచెయ్యి నా వైపు తిప్పి, అక్కడే ఉండు అన్నట్టు ఆపింది.

అది నా మాటకు గౌరవమా, ఇక అక్కర్లేదని చెప్పడమా, నాకు తెలియలేదు. ఆగిపోయాను. ఆచారి ఒక చెవి, వెంటనే ఇంకో చెవి కుట్టేశాడు. ఆడవాళ్లు నాలుక ఆడిస్తూ కులవ పెట్టారు. ఫోన్లలో ఫొటోలు తీశారు. ఆ ఫొటోల్లో ఒడి అతనిది.

కొంతసేపటికి అక్క బిడ్డను భుజాన వేసుకుని గాలి కోసం రాళ్ల దగ్గరికి నడిచి వచ్చింది. చెవుల దగ్గర గంధంలో ఎరుపు కలిసి ఉంది. నేను చేతులు చాపాను. పాప నన్ను చూసి, నా చేతులు చూసి, మొహం అక్క మెడలో దాచుకుని మళ్లీ ఏడుపు అందుకుంది.

"ఈ పొద్దుకి ఏ మొగోడి దగ్గరికీ పోదులే" అంది అక్క. "వాళ్ల నాయన దగ్గరికే పోలా." నన్ను ఓదార్చడానికే అంది. నా చాపిన చేతుల్లో ఒకటి పట్టుకుని ఒకసారి ఒత్తి, వదిలేసి వెనక్కి వెళ్లిపోయింది.

నేను మళ్లీ వ్యాన్ మెట్టు మీదికి వచ్చాను. తిరుమంగళంలో ఏమీ కొనుక్కోలేదు. వ్యాన్ ఆపమని అడగడం మొహమాటం అనిపించింది. ఆకలి వేస్తోంది. అవతల దేవత ముందు ఆకు పరిచి అన్నం పెట్టే ఏర్పాట్లు జరుగుతున్నాయి. గంట వినిపించింది, కర్పూరం వాసన వచ్చింది. ఆ తర్వాత అందరూ వరసగా ఆకుల ముందు కూర్చోవడం కనిపించింది.

అమ్మ వ్యాన్ అవతలి వైపు నుంచి, ఎవరికీ కనిపించని వైపు నుంచి వచ్చింది. కొంగు కింద ఏదో పట్టుకుంది. నా పక్కన కూర్చుని తీసింది. అరటి ఆకులో కట్టిన పొంగలి. ఇంకా వెచ్చగా ఉంది.

"తిను."

"అమ్మా, నేను తిననని తెలుసు కదా."

"తెలుసు. ఇది సామిది కాదు. పొంగినంక, సామికి పెట్టకముందే ఎత్తినా. అప్పటికి చూపించలా. నీకు ఇది సరిపోతుందో సరిపోదో నాకు తెలీదు, నువ్వు చూసుకో."

 ఆ కుండలోంచి దేవత కంటే ముందు ఎవరూ ముట్టరు. ఏడ్చే బిడ్డకు కూడా పెట్టరు. నేను చిన్నప్పుడు ఒకసారి పొంగలిలో వేసే బెల్లం ముక్క నాకితే ఇక్కడే, ఈ అమ్మే, అందరి ముందూ నా వీపు మీద కొట్టింది. ఆ ఏడాది వాన రాకపోతే నా వల్లేనని నేను చాలా రోజులు భయపడ్డాను.

"ఎవరన్నా చూసినారా?"

"మీ అక్క చూసింది. కొంగు అడ్డం పెట్టి నిలబడింది."

"తప్పు కదమ్మా. నీ లెక్కలో."

"తప్పే." తలుపు తీసి ఉంది అన్నంత మామూలుగా అంది. "సామికి చెప్పేసినా. తీసింది నేను, వానికి తెలీదు, అడిగింది కూడా లేదు. ఏమన్నా చెయ్యాల్నంటే నాకు చెయ్యి, వాని జోలికి పోవాక అన్నా."

చెబుతూనే రెండు చేతులతో చెంపలు మెల్లగా వేసుకుంది, ఇంకొకసారి చెప్పుకుంటున్నట్టు.  ఆ దేవత చేయగలిగింది ఏమీ లేదని నాకు తెలుసు. అమ్మకు అలా తెలియదు. ఆమెకు ఆ దేవత నిజం, ఆ కోపం నిజం. అంతటి నిజానికీ నాకూ మధ్య పోయి నిలబడి, ఒక ఆకు పొట్లం తెచ్చింది. నేను నేల మీద గీసి చూపించిన గుంత బొమ్మను ఆమె ఒక్కసారి కూడా పూర్తిగా చూడలేదు.

ఈ అన్నం సరైనదా కాదా అని నాలో ఎప్పుడూ లేచే ప్రశ్నల కోసం ఎదురుచూశాను. ఒకటి లేచింది కూడా. దాన్ని చివరిదాకా తీసుకుపోయే బలం నాకు లేకపోయింది.

"తినేముందర మీ సామికి చెప్పుకుంటావు కదా. చెప్పుకో. నేనుంటే ఏమి, నేను అటు చూస్తా" అని నిజంగానే మొహం చేల వైపు తిప్పింది.

అమ్మ ఉండగా నేను ఎప్పుడూ పైకి ప్రార్థించలేదు. కళ్లు మూసుకుని, తెలుగులో, ఆమెకు వినిపించేలా, "తండ్రీ, ఈ అన్నానికి వందనాలు. దీన్ని తెచ్చిన మా అమ్మకు వందనాలు" అన్నాను.  ఆమెన్ కూడా అనకుండా కళ్లు తెరిచాను.

"అయిపోయిందా? ఇంతేనా?" అంది అమ్మ. "మా పూసారి మాత్రం అరగంట లాగుతాడు."

ఆకు విప్పి తిన్నాను. నెయ్యి ఎక్కువ వేసింది. బెల్లం అడుగున చేరి అక్కడక్కడ గడ్డ కట్టి ఉంది. నేను తింటూ ఉంటే ఆమె రాళ్ల వైపు నుంచి నేను కనిపించకుండా అడ్డంగా కూర్చుంది.

"నువ్వు తిన్నావా?" అన్నాను.

"పోయి తింటా. వాళ్లు చూస్తుంటారు, ఈమె యాడికి పోయిందా అని." లేచి చీర దులుపుకుంది. రెండడుగులు వేసి ఆగింది. "మీ సామి నన్ను ఏమన్నా అంటాడా రా?"

"అనడమ్మా."

"సరి" అంది. నమ్మిందో లేదో తెలియదు. వచ్చిన దారినే, వ్యాన్ చుట్టూ తిరిగి, హద్దు రాళ్లు దాటి, పంక్తి చివర ఖాళీగా ఉన్న ఆకు ముందు కూర్చుంది. ఆ తర్వాత నా వైపు చూడలేదు. నేను మెట్టు మీద కూర్చుని మిగిలిన పొంగలి మెతుకు వదలకుండా తిన్నాను.